రాళ్లకుప్పలో బరబర చప్పుడు

ప్రశ్న: అనంతపురం జిల్లాలో మాది మెట్ట పొలం. రాళ్లు తీస్తుంటే మూరెడు పాము చుట్టుకుని బరబరమంది. పిల్లపామేనా?

జవాబు: కాదండీ, చిన్న పింజర అయ్యుంటుంది. పెద్దదైనా రెండడుగులు దాటడం అరుదు. మీరు విన్నది బుస కాదు. ఒంటి పక్కలనున్న రంపపు పళ్లలాంటి పొలుసుల్ని ఒకదానికొకటి రాస్తే, కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చప్పుడొస్తుంది. తల మీద పక్షి కాలిముద్రలాంటి తెల్లటి గుర్తుంటుంది. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. చిగుళ్ల నుంచి కూడా రక్తం కారవచ్చు. చిన్న పాము, చిన్న గాటు అని ఇంట్లో ఉండిపోవడమే నాకు భయం. కాటేస్తే గాటును కోయొద్దు, తాడు బిగించొద్దు, కాటుపడ్డ కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరలకు ఇచ్చే విరుగుడు మందే దీనికీ ఇస్తారు. ఇకమీదట రాళ్లను చేత్తో కాదు, గడ్డపారతో తిప్పండి.