సుంఫోనీయ: కలిసి మ్రోగిన ధ్వని

చదువవలసిన భాగములు: దానియేలు 3:1-18, మత్తయి 18:15-20, లూకా 15:25-32

దానియేలు గ్రంథము మూడవ అధ్యాయమును ఆరాధనలో చదువునప్పుడు చదువరి నాలుక ఒకచోట తడబడుట మనము వినియున్నాము. బాకా, పిల్లంగ్రోవి, వీణ మనకు తెలిసినవే. వాటి నడుమ "సుంఫోనీయ" అను మాట నిలిచియున్నది. మన అనువాదకులు దానిని తెలుగు చేయక మూలములో నున్నట్లే ఉంచిరి. ఇది వారి లోపము కాదు; ఆ మాట సూచించిన వాద్యమేదో పండితులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. 1611 నాటి ఆంగ్లానువాదకులు దానిని చిన్న కర్రలతో తీగెలను కొట్టి వాయించు వాద్యమనిరి. 1952లో వెలువడిన ఆంగ్లానువాదము తిత్తివాద్యమనెను. అది వాద్యమే కాదు, వాద్యములన్నియు ఒక్కసారిగా మ్రోగుటయే అని తలంచువారును కలరు.

అరామిక్ భాషలో వ్రాయబడిన ఆ అధ్యాయములో మూడు వాద్యముల పేర్లు గ్రీకు నుండి వచ్చినవి. వాటిలో ఇది యొకటి. గ్రీకులో "సున్" అనగా కూడ, "ఫోనే" అనగా ధ్వని లేక స్వరము. కలిసి పలుకుట అని పదార్థము. గ్రీకు సంగీత శాస్త్రజ్ఞులు ఈ పేరును ముఖ్యముగా మూడు స్వరసంబంధములకు ఇచ్చిరి. మన లెక్కలో అవి షడ్జమమునకు మధ్యమముతోను, పంచమముతోను, పై షడ్జమముతోను గల పొందికలు. తంబురా శ్రుతి చేయుట చూచినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. భరతుని నాట్యశాస్త్రము కూడ మధ్యమ పంచమముల దూరమున పొందిక గల స్వరములను "సంవాది" అని పిలిచినది. సం, వాదము: అదియు కలిసి పలుకుటయే. రెండు దేశములు ఒకే రీతిగా ఆ మాటను కట్టుకొనుట ఎంత చక్కని సంగతి! కాలక్రమమున మన భాషలో సంవాదము వాదోపవాదమునకు పేరైనది.

ఇక్కడ ఒకటి గమనింపవలెను. రెండు గొంతులు ఒకే స్వరమును పలికినచో గ్రీకులు దానికి వేరొక పేరు పెట్టిరి. సుంఫోనీయకు వేర్వేరు స్వరములు కావలెను.

తరువాతి చరిత్రను త్వరగా చూతము. లాటిను క్రైస్తవులలో కొందరు ఇది ఒక వాద్యమని తలంపగా, నాలుగవ శతాబ్దమున జెరోము, దమాసునకు వ్రాసిన లేఖలో, లూకా సువార్తయందలి ఈ మాట వాద్యము కాదు, దేవుని స్తుతించు స్వరముల ఏకతయే అని వాదించెను. ఏడవ శతాబ్దపు ఇసిదోరు మాత్రము, రెండు ప్రక్కల చర్మము బిగించి పుల్లలతో కొట్టు బోలుకర్రను జనులు ఈ పేరున పిలుచుచున్నారని వ్రాసెను. మధ్యయుగములలో చక్రము త్రిప్పగా మ్రోగు తంత్రీవాద్యమునకు ఇదే పేరు. 1597లో గాబ్రియేలి, 1629లో షూట్జ్ తమ పవిత్ర సంగీత సంపుటములకు ఈ పేరుంచిరి. హేడన్ నాటికి అది పెద్ద వాద్యబృందము వాయించు కృతియైనది; 1824లో వియన్నాలో బెతోవెన్ తన తొమ్మిదవ సింఫొనీలో గాయకులను కూడ నిలిపెను.

మన కథకు ముఖ్యమైనది క్రొత్త నిబంధన. అందులో ఈ మాటయొక్క క్రియారూపము ఆరు చోట్ల కలదు. ద్రాక్షతోట యజమానుడు కూలివారితో ఒడబడినది ఈ మాటతోనే (మత్తయి 20:2, 13). క్రొత్త గుడ్డముక్క పాతదానితో కలియకపోవుట కూడ (లూకా 5:36), ప్రవక్తల వాక్యములు సరిపడుట కూడ (అపొ. 15:15) ఇదే. అయితే అననీయ సప్పీరాలు ఆత్మను శోధించుటకు ఏకీభవించినది కూడ ఈ మాటయే (అపొ. 5:9)! ఎంత ఐక్యమైన దంపతులు! దూరా మైదానములోని సుంఫోనీయ సైతము అందరిని ఒక్కసారిగా ప్రతిమకు సాగిలపడజేయుటకే మ్రోగెను. ముగ్గురు మాత్రము ఆ మేళములో చేరలేదు. కనుక ఐక్యత అని వినబడగానే తలయూపుట తగదు. దేనిని గూర్చి ఏకీభవించుచున్నారో అడుగవలెను.

మిగిలినది మత్తయి 18:19. ఇద్దరు ఏకీభవించి వేడుకొనుటను గూర్చిన ఈ వాగ్దానమును ప్రార్థన కూటములలో తరచు ఎత్తిపట్టుదుము. దాని పై వచనములను విడిచిపెట్టుదుము. అక్కడ తప్పిదము చేసిన సహోదరుని యొద్దకు ఒంటరిగా వెళ్లవలెనని ఉన్నది. అతడు విననియెడల ఒకరిద్దరిని తోడుకొని వెళ్లవలెను. ఆ పిమ్మటనే సంఘము. కాబట్టి ఆ "ఇద్దరు" మొదటినుండి ఒకే అభిప్రాయము గల స్నేహితులని నేను తలంచను. నిన్నటివరకు ఒకరి ముఖము ఒకరు చూడని ఇద్దరే కావచ్చును. సంఘము ఆస్తి విషయములోనో, ఎన్నికల విషయములోనో రెండు పక్షములై, ఎవరి కూటము వారు వేరుగా జరుపుకొని, "మేము ఏకీభవించి ప్రార్థించితిమి" అనుకొనుట మనమెరుగనిది కాదు. అది ఒకే తీగెను రెండుమారులు మీటుట. అవతలి ఇంటి తలుపు తట్టినవాడే రెండవ తీగెను బిగించువాడు. అది బిగియునప్పుడు కొంత కఠోరముగా మ్రోగును కూడ.

నామవాచకముగా ఈ మాట క్రొత్త నిబంధనలో ఒక్కసారియే వచ్చును. పొలమునుండి వచ్చుచున్న పెద్ద కుమారుడు ఇంటి దగ్గర విన్నది అదే. మన బైబిలులో "వాద్యములు" అని ఉన్నది. లోపల తండ్రి, తిరిగి వచ్చిన తమ్ముడు, దాసులు ఉన్నారు. పెద్దవాడు ఒక దాసుని పిలిచి సంగతి తెలిసికొనెను, కోపపడి బయటనే నిలిచెను. తండ్రి విందు విడిచి వెలుపలికి వచ్చి అతని బ్రతిమాలుకొనెను. అతడు లోపలికి వెళ్లెనో లేదో లూకా వ్రాయలేదు.