‘షటప్’ అంటే కోపమే కానక్కర్లేదు

కృత్తివెన్ను నుంచి చదువుకోసం బందరో భీమవరమో వెళ్లి, అక్కణ్నుంచి హైదరాబాద్‌కూ అమెరికాకూ చేరుతున్న పిల్లలు ఇంగ్లిష్ వ్యాకరణం దగ్గర పెద్దగా తడబడరు. అవతలివాళ్ల నోట ఠక్కున ఊడిపడే చిన్న ముక్క దగ్గర తడబడతారు. ‘నాకు ప్రమోషన్ వచ్చింది’ అని చెబితే పక్క సీటు అమ్మాయి ‘షటప్!’ అంటుంది. ‘నో వే!’ అంటుంది. ‘గెటవుట్ ఆఫ్ హియర్!’ అని కూడా అనొచ్చు. మనవాడి మొహం మాడిపోతుంది. పాపం, ఆ అమ్మాయి అన్నది ‘నిజమా! ఎంత మంచి కబురు!’ అనే.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. ‘ఊరుకోవే!’, ‘చాల్లే పో!’ అని స్నేహితురాలు అంటే ఎవరూ లేచి వెళ్లిపోరు కదా. రొయ్యల చెరువు గట్టు మీద, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగిన రైతు ‘ఓర్నాయనో!’ అంటాడు. రొయ్య ఎదిగి కళకళలాడుతున్నా అదే మాట, వేసిన మేత వేసినట్టే మిగిలిపోయినా అదే మాట. పక్కనున్న కుర్రాడు ట్రేలోకి తొంగి చూడకముందే గొంతును బట్టి సంగతి పసిగట్టేస్తాడు. ఇంగ్లిష్ వినేటప్పుడూ ఆ చెవే పెట్టండి.

1843లో మిషనరీ రాబర్ట్ నోబుల్ బందరులో ఇంగ్లిష్ బడి తెరిచాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా మనం ఇంగ్లిష్‌ని ఎక్కువగా పుస్తకంలోనే చదువుకుంటున్నాం. ఆశ్చర్యం, ఉలికిపాటు, కొంటెతనం పుస్తకంలో దొరకవు. అందుకే అర్థాలు బట్టీ పట్టకండి, సందర్భం పట్టుకోండి. ‘షూట్!’ అనే మాటే తీసుకోండి. చేతిలో కప్పు జారిపడినప్పుడు అంటే ‘అయ్యో, పోయింది’ అని. మీరు ‘ఒక సందేహం’ అన్నాక అంటే ‘అడుగు మరి’ అని. ‘ఔచ్’ దెబ్బ తగిలినప్పుడే కాదు, ఎవరైనా చురక వేసినా, బిల్లు చూసి గుండె గుభేలుమన్నా వస్తుంది.

‘గోష్’, ‘జీజ్’ అన్నవి దేవుడి పేరు, యేసు పేరు ఊరికే తీయకూడదని మార్చి పలికినవి. ‘హోలీ మాకరెల్!’ కూడా ఆ కోవలోదే. మాకరెల్ అంటే మన తీరంలో పడే కనగర్తల జాతి చేప. నాకెంతో గర్వంగా అనిపించే సంగతి ఒకటి చెప్పాలి: కనగర్తకు శాస్త్రవేత్తలు వాడే పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్త. అందులో రెండో సగం మన తీరం మాటే!

ఇక వాడకం. ముందు బాగా వినండి, వాడటానికి తొందరపడకండి. ‘డార్న్’, ‘హెక్’ తిట్లను మెత్తబరిచిన మాటలు, ఇంటర్వ్యూలో అస్సలు వద్దు. ఓటీటీ సీరియళ్లలో వినపడే ముతక మాటలు ఎక్కడా వద్దు. ‘డుహ్’ అంటే ‘ఆమాత్రం తెలీదా’ అని ఎత్తిపొడుపు. తోటివాళ్ల మధ్య సరదాగా చెల్లుతుంది కానీ మేనేజర్ ముందు అంటే పొగరు అనుకుంటారు. ‘వావ్’, ‘ఊప్స్’, ‘ఓ నో’ చాలు, ఈ మూడింటితో ఎక్కడైనా నెట్టుకురావచ్చు. ఎవరైనా అన్న ముక్క బోధపడకపోతే బిక్కమొహం వేయకుండా ‘సంతోషంతోనేనా అన్నారు?’ అని నవ్వుతూ అడిగేయండి. అడిగినవాణ్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

మీ నోట అలవాటుగా ‘అయ్యో’ వచ్చేస్తే నాలుక కరుచుకోకండి. 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు దాన్ని కూడా తనలో చేర్చుకుంది.