మీ తర్వాత ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు?

కొత్త క్లయింటు ఎదురుగా కూర్చోగానే మీరు అడిగే ప్రశ్న ఒకటుంది: "నామినీ పేరు రాశారా?" రాయలేదంటే చిన్న క్లాసు కూడా పీకుతారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదండీ అంటారు. మరి ఆ క్లయింటే తిరిగి "రేపు మీకేమైనా అయితే మా పనులు ఎవరు చూస్తారు సార్?" అని అడిగితే? మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లలో చాలామంది ఈ ప్రశ్నకు నవ్వేస్తారు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. ఇంకొందరు అబ్బాయి ఉన్నాడుగా అంటారు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2009 ఆగస్టు 1 నుంచి సెబీ ఎంట్రీ లోడ్ ఎత్తేసింది. 2018లో ముందస్తు కమిషన్లకూ దాదాపు తెర దించింది. ఇప్పుడు మీ బతుకుతెరువు అంతా ట్రెయిల్ కమిషనే. క్లయింటు సొమ్ము ఫండ్‌లో ఉన్నన్నాళ్లు వస్తుంది. లెక్క కోసం మీ చేతిమీద 20 కోట్లు ఉన్నాయనుకుందాం. సగటున 0.8 శాతం చొప్పున ఏడాదికి 16 లక్షలు. దీన్ని ఆస్తి కాదని ఎవరంటారు? కాకపోతే మీ పేరున రిజిస్టరైన ఆస్తి కాదు. క్లయింటు ఒక్క కాగితం మీద సంతకం పెడితే వేరే డిస్ట్రిబ్యూటరు దగ్గరికి పోతాడు. 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి కాబట్టి అసలు ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు కూడా.

ఎల్‌ఐసీ ఏజెంట్లుగా మొదలుపెట్టి తర్వాత ఫండ్లలోకి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక ధీమా అడ్డుపడుతుంది. అక్కడ కొన్ని షరతుల మీద రెన్యువల్ కమిషన్ ఏజెంటు తదనంతరం వారసులకు అందుతుంది. ఇక్కడా అంతేలే అనుకుంటారు. యాంఫీ దగ్గర మీ ఏఆర్‌ఎన్‌కు నామినీని నమోదు చేసుకునే వీలుంది, నిజమే. చేయకపోతే ఈ వారమే చేయండి. కానీ నామినీ పేరు డబ్బు ఎవరికి చేరాలో మాత్రమే చెబుతుంది. మార్కెట్ కూలిన రోజు ఫోన్ ఎత్తి మాట్లాడేది ఎవరో చెప్పదు. మాట్లాడేవాళ్లు లేకపోతే ఆ కమిషన్ ఏడాదికేడాది కరిగిపోతుంది.

2020 మార్చి 23 గుర్తుందా? సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతానికి పైగా పడింది. ఆ రోజు మీరు ఒక్కొక్కరితో ఒక్కోలా మాట్లాడి ఉంటారు. రిటైర్డ్ హెడ్‌మాస్టారికి పాత పతనాల లెక్కలు చెప్పారు. బట్టల కొట్టాయనకు లెక్కలు అక్కర్లేదు, "టీవీ కట్టెయ్యండి, ఎస్ఐపీ ఆపకండి" అంటే చాలు. ఎవరికి ఏ మాట పనిచేస్తుందో తెలియడమే మీ అసలు సరుకు. పాన్ నంబర్లు, ఫోలియోలు పోవు. వాటి లెక్క కామ్స్‌లోనో, మన హైదరాబాద్ కేంద్రంగా నడిచే కేఫిన్‌టెక్‌లోనో భద్రంగా ఉంటుంది. పోయేది మీ తలలో ఉన్నదే.

దాన్ని కాగితం మీదికి దించండి. కుటుంబానికి ఒక పేజీ. "ఈయన తమ్ముడికి హామీ సంతకం పెట్టాడు, లిక్విడ్ ఫండ్ కదపనివ్వకూడదు." "ఈమె భర్త పోయాక మొదటిసారి డబ్బు వ్యవహారం చూస్తోంది, ప్రతిదీ రెండుసార్లు చెప్పాలి, విసుక్కోకూడదు." "పెద్దమ్మాయి పెళ్లి వచ్చే వైశాఖంలో, ఈలోగా ఈక్విటీ నుంచి కొద్దికొద్దిగా దించాలి." ఏ సాఫ్ట్‌వేరూ మీకు ఇవ్వలేని పేజీలివి. ఇంటి గుట్లు కాబట్టి తాళంలో ఉంచండి. ఆ తాళం చెవి ఇంకొకరికి ఇవ్వగలిగినప్పుడే వారసుడు దొరికినట్టు.

ఎవరా వారసుడు? చాలా ఆఫీసుల్లో సగం పని కూతురో కోడలో, పదేళ్లుగా ఉన్న అసిస్టెంటో చూస్తూనే ఉంటారు. వారసత్వం మాట వచ్చేసరికి మాత్రం డల్లాస్ అబ్బాయి పేరే వినిపిస్తుంది. ఈ చాదస్తం వదలండి. ఎన్ఐఎస్ఎం పరీక్షలో 50 శాతం వస్తే పాస్, ఆ తర్వాత సొంత ఏఆర్‌ఎన్ తెచ్చుకోవచ్చు. పరీక్షలో తేలని గుణం ఒకటుంది. క్లయింటు తెలియని ప్రశ్న అడిగితే "కనుక్కుని సాయంత్రంలోగా చెబుతానండీ" అనగలగాలి, సాయంత్రం చెప్పాలి కూడా. ఆ గుణం ఉన్నవాళ్లను ఎంచుకోండి. మాటకారితనం అదే వస్తుంది.

ఇక అసలు కష్టం మీతోనే. మొదటి ఆర్నెల్లు వారసురాలు మీ పక్కన కూర్చుని వింటుంది. తర్వాత ఆమె మాట్లాడాలి, మీరు వినాలి. క్లయింటు అంతా విని, మీ వైపు తిరిగి "మీరేమంటారు మాస్టారూ?" అంటాడు. నాలుక దురద పెడుతుంది. ఆమె చెప్పినదానికన్నా మీ దగ్గర నాలుగు ముక్కలు ఎక్కువే ఉంటాయి. మింగెయ్యండి. "అమ్మాయి చెప్పిందే నా మాట కూడా" అని ఊరుకోండి. తప్పుంటే క్లయింటు వెళ్లాక చెప్పండి. ఆ కుర్చీలో మీరు నోరు విప్పిన ప్రతిసారీ ఆమె మళ్లీ అసిస్టెంటు అయిపోతుంది. "నేను లేకపోతే ఇక్కడ ఏదీ నడవదు" అన్న మాటలో ఒక తీపి ఉంది. ముప్పై ఏళ్లు ఆ తీపి మరిగినవాళ్లకు ఇది ఉపవాసం కన్నా కష్టం. అందుకే ఒక నెల కాశీకో కూతురింటికో వెళ్లి చూడండి, ఆఫీసు ఫోన్ ఆమె దగ్గర వదిలేసి.

మీకు అరవై దాటితే మీ పెద్ద క్లయింట్లకూ అంతే వయసుంటుంది. రేపు ఆ డబ్బు వాళ్ల పిల్లల చేతికి వెళ్తుంది. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఆ అబ్బాయికి మీరెవరో తెలియదు, ఫోన్‌లో యాప్ మాత్రం ఉంది. నాన్న తర్వాత మొదటి పని మీ కోడ్ తీసేయడమే. ముప్పై ఏళ్ల వారసురాలు ఆ ఇంటికి ఇప్పుడే వెళ్లి పరిచయం చేసుకుంటే కథ వేరు.

బీరువాలో సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు, డైరీలో క్లయింట్ల పాస్‌వర్డ్‌లు ఉంటే అవి అప్పగించకండి, ముందే చించేయండి. నమ్మకం కొద్దీ ఇచ్చారని సర్దిచెప్పుకోవచ్చు, మీ చేతిలో ఉన్నంతవరకు ఏమీ కాకపోవచ్చు. ఇంకొకరికి అంటించాల్సిన అలవాటు మాత్రం కాదది.

వాటా సంగతి దాటవేయకండి. పని పంచి ఆదాయం పంచకపోతే మిగిలేది గుమాస్తాయే. ఇప్పటి నుంచే కొంత ఇవ్వండి, ఏటా పెంచండి, కాగితం మీద రాయండి. ఇంట్లో, ఆఫీసులో ఎవరూ లేరా? మీకన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన మరో డిస్ట్రిబ్యూటరుతో మాట్లాడుకోండి. ఎంతమంది క్లయింట్లు నిలిచారో చూసి విడతలుగా చెల్లించేలా రాసుకుంటే ఇద్దరికీ మేలు. క్లయింట్లకు ముందే చెప్పండి, వాళ్లు మంద కాదు తోలేయడానికి. సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారులైతే ఆ రిజిస్ట్రేషన్ మీదే, చేతులు మారదు. క్లయింటు కొత్తవారితో కొత్త ఒప్పందం రాసుకోవాల్సిందే.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? మీ దగ్గర ఎక్కువ డబ్బు పెట్టిన పది కుటుంబాల పేర్లు రాయండి. పక్కనే వాళ్ల పిల్లల పేర్లు రాయండి, ఎవరినీ అడక్కుండా. ఏ పేరు దగ్గర కలం ఆగిందో ఆ ఇంటికి ఈ ఆదివారం వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి.