యాంటీబయాటిక్ ఎంపికలో ఏఐ: దారి ల్యాబ్ నుంచే

పన్నెండో తరగతి సైన్సు చదివి, మరమగ్గం వద్దనుకుని, మాన్కోలి గోదాముల్లో స్కానర్ పట్టుకుంటున్న భివండీ తెలుగు పిల్లల కోసం ఈ మాట.

ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు కావాలి. జ్వరంతో కాలిపోయే రోగి అంతదాకా ఆగలేడు. డాక్టర్ అంచనా మీదే మొదలుపెడతారు, భయం కొద్దీ తరచూ బలమైన మందే రాస్తారు. అలా అతిగా వాడటం ఒక ముఖ్య కారణంగా పెరిగిన, మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల ప్రాణాలు తీసింది.

ఏఐ అక్కరకొచ్చేది ఆ రెండు మూడు రోజుల్లోనే. రోగి వయసు, పాత రిపోర్టులు, లోగడ వాడిన మందులు చూసి ఏది పనిచేయకపోవచ్చో లెక్కగడుతుంది. ఇజ్రాయెల్‌లో 7 లక్షలకు పైగా మూత్ర ఇన్ఫెక్షన్ల రికార్డులతో ఇది సాధ్యమేనని 2019లో చూపించారు. కానీ అక్కడి లెక్క భివండీ రోగికి నేరుగా సరిపోదు. ఇక్కడి లెక్క ఇక్కడి ల్యాబ్ రిపోర్టుల నుంచే పుట్టాలి. గోదాములో ఒక్క స్కాన్ తప్పితే సరుకు వేరే ఊరు పోతుంది. ల్యాబ్‌లో ఎంట్రీ తప్పితే కంప్యూటర్ తప్పే నేర్చుకుంటుంది.

అందుకే ఉత్త ‘ఏఐ కోర్సు’కు డబ్బు కట్టకండి. మొదటి దారి ల్యాబ్: మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా (డీఎంఎల్‌టీ), లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ చేసి మైక్రోబయాలజీలో చెయ్యి తిరిగేలా పని నేర్చుకోండి. కల్చర్ ప్లేటు ఫొటో తీస్తే మందు బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలిచే ‘యాంటీబయోగో’ యాప్‌ను ఎంఎస్ఎఫ్ ఫౌండేషన్ తయారుచేసింది. ప్లేటు సరిగ్గా వేసే మనిషి లేకపోతే ఆ యాప్ ఏం కొలుస్తుంది?

రెండో దారి ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ). ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు, ఫీజు బరువే. అయినా నాకు ఎక్కువ ఆశ ఇక్కడే. ఏఐకి లోగడ వాడిన మందుల వివరం కావాలి, కానీ మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రలు ఏ రికార్డులోనూ ఉండవు. “పెద్దమ్మా, ఇంతకుముందు ఏం గోలీలు ఏసుకున్నవ్?” అని పద్మనగర్ నుంచి వచ్చిన ముసలమ్మను తెలుగులో అడిగి, జవాబు కేస్ షీట్‌లో రాయగలిగేది మీరే. మరాఠీ, హిందీ ఎలాగూ వచ్చు.

చదువుతుండగానే ఎక్సెల్, ఆపై పైథాన్ నేర్చుకోండి. ల్యాబ్ ఫలితాలను విశ్లేషించే ‘హూనెట్’ సాఫ్ట్‌వేర్ ఉచితం. కాలేజీలో చేరే ముందు మాత్రం ఒకటి తప్పక అడగండి: అనుబంధ ఆసుపత్రిలో కల్చర్ ల్యాబ్ ఉందా, విద్యార్థులను అందులో పనిచేయనిస్తారా?