కుక్కతో దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో: చేయవలసినవి, చేయకూడనివి

పొద్దున ఐదున్నరకు దిల్‌సుఖ్‌నగర్ వేరే ఊరిలా ఉంటుంది. షట్టర్లు దించి ఉంటాయి. కోచింగ్ పిల్లలు హాస్టళ్లలో ఇంకా లేవరు. కుక్కను తిప్పడానికి అదే వేళ. ఎనిమిది దాటితే విజయవాడ రోడ్డు మనుషులకే చాలదు.

చేయవలసినవి

ముందు దారి ఖాయం చేసుకోండి. మెట్రో పిల్లర్ల వెంబడి తిన్నగా ఎల్‌బీ నగర్ దాకా పోవచ్చనిపిస్తుంది కానీ, ఆ ఫుట్‌పాత్ బండ్లది, బైకులది. లోపలి కాలనీల్లోంచి వెళ్లడమే మేలు. కాకపోతే అక్కడ గల్లీకో వీధికుక్కల గుంపు కాపలా ఉంటుంది. చైతన్యపురి వెనక ఒక కరెంటు స్తంభం దగ్గర మా కుక్క రోజూ ఆగిపోతుంది. తోక కాళ్ల మధ్యకు వెళ్తుంది, చెవులు వెనక్కి వాలతాయి. మొండికేస్తోందనుకుని ఒకరోజు లాగాను. ఆగి ఉన్న కారు కిందనుంచి నాలుగు కుక్కలు లేచాయి. అప్పటినుంచి ఆ స్తంభం దగ్గర దాని మాటే నా మాట.

గుంపు ఎదురైతే పరుగెత్తకండి, వెంటపడతాయి. బెల్టు పొట్టిగా పట్టి, వాటి కళ్లలోకి చూడకుండా, మెల్లగా వచ్చిన దారినే తిరగండి.

వీధికుక్క చెవి కొస కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. రేబిస్ టీకా ఇప్పటికీ పనిచేస్తోందని కాదు. అందుకే మీ కుక్కకు టీకా వాయిదా వేయొద్దు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఎదురొస్తే మీరే పక్కకు జరగండి. 2023 ఫిబ్రవరిలో మన పక్క అంబర్‌పేటలోనే వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ‘మాది ఏమీ అనదండీ’ అంటే ఆ భయం పోదు.

చేయకూడనివి

బెల్టును మణికట్టుకు చుట్టుకోకండి. బస్సు హారన్‌కు కుక్క బెదిరి గుంజితే ముందు పడేది మీరే.

రాత్రి పారేసిన బిర్యానీ పొట్లాల దగ్గర ముక్కు పెట్టనివ్వకండి. ఉడికిన ఎముక పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో తారు మీద చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. వానలో నిలిచిన నీళ్లలోకి, కరెంటు స్తంభాల దగ్గరికి తీసుకుపోవద్దు.

అలసిపోయి మెట్రో ఎక్కుదామనుకోకండి. వియన్నాలో మూతికి చిక్కం, మెడకు బెల్టు ఉంటే కుక్క కూడా మెట్రోలో ప్రయాణిస్తుంది. మన మెట్రోలో పెంపుడు జంతువులకు చోటు లేదు. వనస్థలిపురం దాకా నడిచినా మహావీర్ హరిణ వనస్థలిలోకి కుక్కతో వెళ్లొద్దు. అది జాతీయ పార్కు, లోపల కృష్ణజింకలుంటాయి.

ఇంత చూసుకున్నా ఏదైనా కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టకండి. కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. నెత్తురు వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరపడుతుంది. మీ కుక్కకూ గీరుకుందేమో బొచ్చు విడదీసి చూడండి. గాయం మానింది కదా అని చివరి సూది మాత్రం ఎగ్గొట్టకండి.