ముందు కాల్చినదెవరు?

1977 మే 25న అమెరికాలో విడుదలైన ‘స్టార్ వార్స్’ చలనచిత్రం మీలో చాలామందికి పరిచితమే. జార్జ్ లూకాస్ రచించి, దర్శకత్వం వహించిన ఈ వైజ్ఞానిక కల్పనలో ఒక చిన్న సన్నివేశం ఉన్నది. అందులో ఒక ప్రాణం పోయిన తీరు న్యాయమా, అన్యాయమా అనే చర్చ దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నది.

టాటూయిన్ అనే ఎడారి గ్రహం మీద మాస్ ఐస్లీ ఒక రేవుపట్టణం. అక్కడి పానశాలలో హాన్ సోలో కూర్చొని ఉంటాడు. అంతరిక్షనౌకలో దొంగసరుకు చేరవేసి బ్రతికేవాడతడు. జబ్బా అనే నేరగాండ్ర నాయకుని సరుకును, సామ్రాజ్య సైనికుల తనిఖీకి జడిసి దారిలో పారవేశాడు. ఆ బాకీ తీరలేదు కనుక జబ్బా అతని తలకు వెలకట్టాడు. ఆ వెలకు ఆశపడి వచ్చిన కిరాయి వేటగాడు గ్రీడో. అతడు పిస్తోలు గురిపెట్టి ఎదుట కూర్చుంటాడు. జబ్బాకు ఇవ్వవలసిన సొమ్ము తనకిస్తే చూడనట్లు పోతానంటాడు. సొమ్ము చేతిలో లేదని తెలిసిన పిమ్మట, జబ్బా నౌకతో సరిపెట్టుకొనవచ్చునని సూచిస్తాడు. తాను చచ్చిన తరువాతనే నౌక దక్కుతుందని హాన్ అంటే, తన ఉద్దేశమూ అదేనని, ఈ క్షణానికై ఎంతోకాలంగా వేచియున్నానని బదులిస్తాడు. ఈలోగా హాన్ చేయి బల్లక్రింద మెల్లగా ఆయుధాన్ని వెలికి తీసింది. మరుక్షణంలో గ్రీడో బల్లమీద ఒరిగిపోయాడు. గలీజు చేసినందుకు మన్నించమని పానశాలవానికి ఒక నాణెం విసరి హాన్ సాగిపోయాడు.

1977 నాటి చిత్రంలో కాల్చినవాడు హాన్ ఒక్కడే. 1997లో లూకాస్ ఈ సన్నివేశాన్ని మార్చాడు. ముందుగా గ్రీడో కాల్చినట్లు, అంత దగ్గరనుండీ గురి తప్పినట్లు, ఆపైననే హాన్ కాల్చినట్లు చూపాడు. 2004 నాటి ప్రతిలో రెండు కాల్పులూ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. 2019లో మరొక మార్పు. కథానాయకుడు నిర్దయగల హంతకుడుగా కనిపించరాదన్నది లూకాస్ భావన. అభిమానులు మాత్రం ఈ దిద్దుబాటును నేటికీ అంగీకరించలేదు.

నా దృష్టిలో ఈ దిద్దుబాటు అనవసరం. ఆత్మరక్షణకు మొదటి దెబ్బ తినడం నియమం కాదు. మన ధర్మశాస్త్రాలు చంపవచ్చేవానిని ‘ఆతతాయి’ అన్నాయి. మీదికి వచ్చే ఆతతాయిని చంపడం దోషం కాదని మనుస్మృతి చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత సైతం, ప్రాణాపాయం తప్పదని సహేతుకంగా భయపడినవానికి ఈ హక్కు నిస్తున్నది. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు చెల్లదు. గుండెకు గురిపెట్టిన పిస్తోలు ముందు హాన్‌కు ఆ వ్యవధి ఏదీ?

నౌకను వదలుకొంటే ఇద్దరి ప్రాణాలూ దక్కేవి గదా అని ఒక విద్యార్థిని నన్నడిగింది. మంచి ప్రశ్న. కాని నౌక ప్రస్తావన వచ్చిన వెంటనే గ్రీడో తన అసలు కోరికను వెల్లడించాడు. అతడు కోరినది నౌక కాదు, చావు. అంతేకాక, దోపిడికి లొంగకపోవడం నేరమైతే దోచుకొనేవాడే ధర్మకర్త అవుతాడు.

బల్లచాటునుండి కాల్చడం మాటేమిటి? ఇక్కడ మనకు వాలి గుర్తుకు రాక మానడు. చాటునుండి కొట్టడం ఏ ధర్మమని అతడు రాముని నిలదీశాడు. ఆ ప్రశ్నకు బలమిచ్చినది, వాలి అప్పుడు రామునితో పోరాడటం లేదన్న సత్యం. గ్రీడో స్థితి వేరు. తన పిస్తోలును బాహాటంగా ఎక్కుపెట్టినవాడు ఎదుటివాని చాటును ఆక్షేపించలేడు.

అయినా ఈ సన్నివేశంలో నన్ను కలవరపెట్టేది కాల్పు కాదు, ఆ నాణెం. చంపక తప్పని స్థితిలో చంపినవాడు కూడ ఒక్క క్షణం తడబడతాడు. హాన్ తడబడలేదు. ఒక చావు అతనికి నేల తుడిపించే ఖర్చుగా మాత్రమే తోచింది. చేసిన పనిని సమర్థిస్తూనే చేసిన మనస్సును తప్పుపట్టవచ్చునా? పట్టవచ్చుననే నా అభిప్రాయం. 1997 మార్పు కాల్పును దిద్దింది గాని, ఆ నాణేన్ని ముట్టుకొనలేదు!

కథాంతంలో హాన్ తనకు రావలసిన ప్రతిఫలం తీసికొని, పోరాటంతో తనకు సంబంధం లేదని వెళ్ళిపోతాడు. లూక్ స్కైవాకర్‌ను శత్రునౌకలు వెన్నంటి తరుముతున్న వేళ ఎవరూ ఊహించని విధంగా తిరిగివచ్చి అతని ప్రాణం కాపాడుతాడు. మొదటినుండీ మచ్చలేనివాడుగా చూపితే ఈ రాకలో ఆశ్చర్యం ఏముంటుంది? పానశాలలో నాణెం విసరినవాడు తిరిగివచ్చాడు కనుకనే ప్రేక్షకులు ఆనాడు హర్షించారు.