మోకాట్లో వేసిన మత్తుమందు కణాలను చంపుతుందా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మోకాలి నొప్పికి కావలిలో సూది వేయించుకున్నాను. అందులో స్టెరాయిడ్‌తో పాటు మత్తుమందు కూడా కలిపారట. ఇప్పుడు బాగానే నడుస్తున్నాను. కానీ ఆ మత్తుమందు ల్యాబులో మనిషి కణాలను చంపేసిందని మా అబ్బాయి ఫోనులో చదివాడు, ఇక వేయించుకోవద్దంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, జలదంకి

జవాబు: మీ అబ్బాయి చదివింది నిజమేనమ్మా, కాకపోతే సగమే చదివాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కాన్‌స్టాన్స్ చూ బృందం కీళ్లలోని మృదులాస్థి కణాలను బుపివకైన్ అనే మత్తుమందులో ఉంచి చూసింది. 2008లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, 0.5 శాతం మందులో కణాలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. 0.125 శాతానికి పలచన చేస్తే ఆ నష్టం కనబడలేదు. మందు ఎంత చిక్కన, కణాలు అందులో ఎంతసేపు నానాయి అన్నదే అసలు సంగతి. ల్యాబు గిన్నెలో మందు ఎక్కడికీ పోదు. మోకాట్లో అయితే కీలులోని ద్రవంతో కలిసి పలచబడి, రక్తంలోకి వెళ్లిపోతుంది.

అలాగని ల్యాబు మాట కొట్టిపారేయలేం. ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా సన్నగొట్టంతో 48 నుంచి 72 గంటలపాటు కీల్లోకి మత్తుమందు ఎక్కించిన కొందరికి మృదులాస్థి దెబ్బతింది. దాదాపు అన్నీ భుజం కేసులే. అలాంటివి 35 వచ్చాక 2009 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది. వాళ్లలో సగానికి పైగా మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లారు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, పోయింది మళ్లీ పూడటం కష్టం.

ఒక్క సూదికి మీరు బెంగపడక్కర్లేదు. మాటిమాటికీ మాత్రం వద్దు. 3 నెలలకోసారి చొప్పున 2 ఏళ్లు స్టెరాయిడ్ సూది వేసి చూసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ఉప్పునీటి సూది వేయించుకున్నవాళ్ల కన్నా వీళ్లకే మృదులాస్థి ఎక్కువ అరిగింది, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొడ కండరాలకు వ్యాయామం చేయండి, బరువు ఎక్కువుంటే తగ్గండి.

మెడ, నడుము కూడా బిగిసినట్టుంటే మీరు తాగే బోరు నీళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఇలా బిగుసుకుపోయే జబ్బు వస్తుంది; దాన్ని మన దేశంలో 1937లో తొలిసారి నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ బిగుతు మోకాలి సూదికి లొంగదు.

ప్రశ్న: పన్ను పీకించుకోవాలి. చిగురుకు వేసే మత్తుసూదితోనూ ఇదే ప్రమాదమా?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: కాదు. చిగురులో రక్తప్రసరణ ఎక్కువ, అక్కడ వేసే లిడోకైన్ అనే మత్తుమందు నిలవుండదు. 2 శాతం మందంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. సూదికి పెట్టే ఒక మందు గొట్టంలో 1.8 మిల్లీలీటర్లు, అంటే 36 మిల్లీగ్రాములే ఉంటాయి. గుండెజబ్బు, వాడుతున్న మందులు, మునుపు సూది పడకపోవడం లాంటివి ఉంటే ముందే చెప్పండి. సూది వేశాక చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, తల తిరగడం ఉంటే కుర్చీలోంచి లేవకుండా వెంటనే డాక్టరును పిలవండి. మొద్దుబారడం తగ్గేదాకా వేడి టీ తాగొద్దు, నాలుక కాలినా తెలియదు.